ముందు ఊపిరి, దానితోపాటే మెడ
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



విత్తనము, ఎరువు, పురుగుమందు గూర్చి మాట్లాడుకొను ఈ సదస్సులో ఒక వైద్యునికి ఏమి పని అని మీలో కొందరు అనుకొనవచ్చును. నేను మత్తు వైద్యుడను. శస్త్రచికిత్స జరుగునంతసేపు రోగి ఊపిరిని కాపాడుట నా వృత్తి. చెట్టుమీదినుండి పడినవారిని, ట్రాక్టరు క్రింద నలిగినవారిని, బావిలో దూకి మెడ విరిగినవారిని నా వద్దకు తెచ్చుచుందురు. వారిలో ఎక్కువమంది రైతులు, కూలీలు, గీత పనివారు. ఆసుపత్రికి చేరిన తరువాత మేము చేయగలిగినది కొంత ఉన్నది. కాని అంతకు ముందు చెట్టు మొదట, పొలము గట్టున, మొదటి పది నిమిషములలో మీరు చేయు పనిమీదనే మిగిలినదంతయు ఆధారపడి యుండును. అందుకే వచ్చితిని.

మొదట నా తప్పు ఒకటి చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామములో ఇటువంటి సభలోనే మాట్లాడుచు, "ఎత్తునుండి పడినవానిని కదల్చవద్దు, మెడను అసలే తాకవద్దు" అని చెప్పి వచ్చితిని. ఆ యేడే ఆ ఊరిలో ఒక యువకుడు తాటిచెట్టునుండి పడినాడు. స్పృహ తప్పినది గాని ఊపిరి ఆడుచున్నది. వెల్లకిల పడియున్నాడు. కొంతసేపటికి వాంతి అయినది. చుట్టును ఇరువది మంది ఉన్నారు. తండ్రి వానిని ప్రక్కకు త్రిప్పబోగా, "డాక్టరుగారు తాకవద్దన్నారు గదా" అని ఎవరో ఆపినారు. ఆసుపత్రికి తెచ్చునప్పటికి ప్రాణము లేదు. మెడలో ఒక పూస విరిగిన మాట నిజమే. కాని లోపలి వెన్నుపాము తెగలేదు. వాంతి ఊపిరిగొట్టములోనికి పోవుటవలన అతడు పోయినాడని శవపరీక్షలో తేలినది. తండ్రి నన్ను ఒక్క మాట అనలేదు. "తమరు చెప్పినట్లే చేసినామండి" అన్నాడు.

నేను చెప్పినది సగము పాఠము. మిగిలిన సగము చెప్పుట నా బాధ్యత. వినుడు.

మెడలో ఏమున్నది?

మన మెడలో ఏడు వెన్నుపూసలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండును. వాటి నడుమ నున్న రంధ్రముగుండా వెన్నుపాము దిగుచుండును. అది సుమారు చిటికెన వ్రేలి లావు. మెదడునుండి కాలు సేతులకు ఆజ్ఞలు పోవు త్రోవ అదియే. విరిగిన పూస జరిగి దానిని నొక్కినచో, క్రింది భాగమునకు ఆజ్ఞలు అందవు. కాలువ మొదట గండి పడినచో చివరి మళ్లకు నీరు అందనట్లే ఇదియును.

ఊపిరి పీల్చుటకు ముఖ్యమైన కండరము ఉదరవితానము. ఇది రొమ్మునకు, పొట్టకు నడుమ గొడుగువలె నుండు కండపొర. దానిని ఆడించు నరము మెడలో మూడవ, నాలుగవ, ఐదవ నరముల స్థానములనుండి బయలుదేరును. దెబ్బ అంతకంటె పైన తగిలి వెన్నుపాము పూర్తిగా చెడినచో, ఊపిరి అక్కడికక్కడే ఆగిపోవును. దెబ్బ అంతకంటె క్రింద నున్నచో ఉదరవితానము ఆడును గాని, ప్రక్కటెముకల కండరములు పనిచేయవు. అప్పుడు ఊపిరి పైపైన ఆడును. లోపలికి పీల్చునపుడు పొట్ట పైకి లేచును, రొమ్ము లోనికి పోవును. గట్టిగా దగ్గలేడు. కఫము బయటికి రాదు.

ఇది మెడ విరుగుటవలన వచ్చు చిక్కు. రెండవ చిక్కు ఇంకను సామాన్యమైనది. మీరు సరిచేయగలిగినది కూడ అదియే. స్పృహ తప్పినవాడు వెల్లకిల పడియున్నచో నాలుక వదులై వెనుకకు జారి గొంతును మూసివేయును. నెత్తురు, వాంతి, ఊడిన పండ్లు దానికి తోడగును. గుర్రుపెట్టినట్లు గాని, గురగురమని గాని శబ్దము వచ్చుచున్నచో, "హాయిగా నిద్రపోవుచున్నాడు" అని మోసపోవద్దు. అది ఊపిరి త్రోవ సగము మూసుకొన్నదని చెప్పు గుర్తు. రొమ్ము కష్టపడుచు, శబ్దమే లేకున్నచో త్రోవ పూర్తిగా మూసుకొన్నదన్నమాట.

ఏది ముందు?

ఊపిరి పూర్తిగా ఆగినచో నాలుగైదు నిమిషములకే మెదడు చెడుటకు ఆరంభించును. ఇక మెడ సంగతి చూడుడు. అమెరికాలో 21 ఆసుపత్రులలో జరిగి, 2000 సంవత్సరమున ప్రచురింపబడిన ఒక పెద్ద పరిశీలనలో, దెబ్బలు తగిలి మెడకు ఎక్సరే తీయించుకొన్నవారు 34,069 మంది. వారిలో మెడపూసలకు గాయము కనబడినది 818 మందికి. అనగా నూటికి ఇద్దరు ముగ్గురు. మెడ విరిగినవారు కొద్దిమందే. ఊపిరి కావలసినవారు అందరును.

అట్లని మెడను ఎట్లయినను త్రిప్పవచ్చునని కాదు. ఆ ఇద్దరు ముగ్గురిలో మనవాడు ఒకడు కావచ్చును. ఎవరో ముందుగా తెలియదు. అందువలన నియమము ఇది: ఊపిరి త్రోవను తప్పక తెరువవలెను. తెరచునపుడు మెడను చాతనైనంత తక్కువ కదలనీయవలెను. మెడకు భయపడి ఊపిరిని వదలరాదు. ఊపిరికి తొందరపడి మెడను మెలిత్రిప్పరాదు.

ఎవరికి మెడ దెబ్బ అని అనుమానింపవలెను?

తాటి, కొబ్బరి చెట్లనుండి గాని, మేడమీదినుండి గాని, గడ్డివామి మీదినుండి గాని పడినవారు. దమ్ముచేయుచు గట్టు ఎక్కించునపుడు ట్రాక్టరు తిరగబడి నలిగినవారు. మోటారు సైకిలునుండి పడినవారు. నెత్తిన బస్తాతో జారి పడినవారు. లోతు తెలియని బావిలోనికి, కాలువలోనికి తల క్రిందుగా దూకిన పిల్లలు. నూర్పిడి యంత్రములో పైటకొంగు గాని కండువా గాని చుట్టుకొని మెడ లాగబడినవారు. ఎద్దు కుమ్మి ఎత్తివేసినవారు. వీరందరిని మెడ దెబ్బ ఉన్నట్లే చూడవలెను.

స్పృహ ఉన్నవాడు మెడ నొప్పి అన్నను, చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నవన్నను, పట్టు లేదన్నను అనుమానము బలపడినట్లే. స్పృహ లేనివాడు ఏమియు చెప్పలేడు. కనుక దెబ్బ ఉన్నదనియే అనుకొనవలెను.

చేయవలసిన పని

ముందుగా చోటు చూచుకొనుడు. ట్రాక్టరు ఇంజను ఆపుడు. తెగిన కరెంటు తీగ ఉన్నచో దగ్గరకు పోవద్దు. ఒకరు వెంటనే 108కి ఫోను చేయవలెను. ఊరిపేరు, దారి, గుర్తు చెప్పవలెను. ఒక మనిషిని రోడ్డుమీద నిలుపుడు.

ఒకరు క్షతగాత్రుని తలవైపున మోకాళ్లపై కూర్చుండవలెను. మోచేతులు నేలకు ఆనించి, రెండు అరచేతులతో తలను ఇరుప్రక్కల పట్టుకొనవలెను. లాగరాదు, వంచరాదు, త్రిప్పరాదు. మట్టికుండను పట్టుకొన్నట్లు నిలిపియుంచవలెను. ఆ మనిషికి ఇక వేరే పని లేదు. వైద్య సిబ్బంది వచ్చి "మేము పట్టుకొన్నాము" అనువరకు చేతులు తీయరాదు. అలసినచో మరొకరు ముందు పట్టుకొన్న తరువాతనే వదలవలెను.

రెండవవారు చెవి నోటి దగ్గర పెట్టి, చూపు రొమ్ముమీద నిలిపి, పది సెకనులు గమనింపవలెను. రొమ్ము లేచుచున్నదా? గాలి చెంపకు తగులుచున్నదా? శబ్దము ఏమైనను ఉన్నదా?

అతడు స్పష్టముగా మాట్లాడుచున్నచో ఊపిరి త్రోవ తెరచియున్నదని అర్థము. "కదలవద్దు, మేమున్నాము" అని ధైర్యము చెప్పుడు. పిలిచినపుడు తల త్రిప్పకుండునట్లు అతనికి ఎదురుగా కనబడి పలుకరింపుడు.

స్పృహ లేక గుర్రు వచ్చుచున్నచో దవడను ఎత్తవలెను. ఇది ముఖ్యమైన పని, జాగ్రత్తగా వినుడు. తలవైపున కూర్చున్నవారు తలను పట్టుకొనియే, తమ వ్రేళ్లను రెండు చెవితమ్మెల క్రింద, దవడ మలుపు వెనుక చేర్చవలెను. అక్కడనుండి దవడను ముందుకు, అనగా ఆకాశమువైపు, నెమ్మదిగా నెట్టవలెను. క్రింది పండ్లు పై పండ్లకంటె కొంచెము ముందుకు వచ్చును. బొటన వ్రేళ్లతో గడ్డమును కొద్దిగా క్రిందికి నొక్కినచో నోరు తెరచుకొనును. దవడతోపాటు నాలుక ముందుకు వచ్చి గొంతు తెరచుకొనును. తల మాత్రము ఉన్నచోటనే ఉండును. గుర్రు ఆగి గాలి సాఫీగా ఆడినచో మీరు సరిగా చేసినట్లు. ఇది క్రొత్త విద్య కాదు. క్లోరోఫారము మత్తు ఇచ్చు కాలమున, 1870 తరువాతి సంవత్సరములలో, నార్వే వైద్యుడు హైబర్గ్, జర్మను వైద్యుడు ఎస్మార్క్ దీనిని వ్యాప్తిలోనికి తెచ్చిరి. నేటికిని మేము దీనినే వాడుచున్నాము.

దవడ ఎత్తినను గాలి ఆడకున్న నేమి చేయవలెను? అప్పుడు గడ్డమును పట్టి తలను కొద్దికొద్దిగా వెనుకకు వంచుడు. గాలి ఆడినంతవరకే వంచి అక్కడ ఆపుడు. మెడకు కొంత ప్రమాదము ఉన్నమాట నిజమే. కాని ఊపిరి లేనిచో మెడ ఉండియు ప్రయోజనము లేదు.

వాంతి అయినచో

నా తప్పువలన జరిగినది ఇక్కడనే. వాంతి గాని, నోటినిండ నెత్తురు గాని వచ్చినచో వెంటనే ప్రక్కకు త్రిప్పవలెను. ఆలోచించుచు కూర్చుండరాదు. అయితే దుంగను దొర్లించినట్లు శరీరమునంతటిని ఒక్కసారిగా త్రిప్పవలెను.

నలుగురున్నచో మంచిది. ఒకరు తలను పట్టుకొందురు. తక్కిన ముగ్గురు ఒకే ప్రక్కన కూర్చుండి ఒకరు భుజమును, ఒకరు నడుమును, ఒకరు కాళ్లను పట్టుకొనవలెను. తల పట్టుకొన్నవారే "ఒకటి, రెండు, మూడు" అని చెప్పవలెను. మూడు అనగానే అందరును కలసి త్రిప్పవలెను. ముక్కు, బొడ్డు ఒకే దిక్కున ఉండునట్లు తల శరీరముతోపాటే తిరుగవలెను. నోటిలో కంటికి కనబడు దానిని మాత్రమే గుడ్డతో తీయుడు. కనబడని దానికొరకు వ్రేలు లోనికి పోనీయరాదు. అది మరింత లోపలికి పోవును.

ఒక్కరే యున్నచో, ఏ ప్రక్కకు దొర్లింతురో ఆ ప్రక్క చేతిని తలకు ఆనునట్లు పైకి చాచుడు. రెండవ చేతిని రొమ్ముపై పెట్టుడు. రెండవ కాలిని మోకాటివద్ద మడువుడు. ఒక చేతితో తలను, మెడను ఆనించి పట్టి, రెండవ చేతితో నడుమును త్రోసి నెమ్మదిగా దొర్లింపుడు. తల ఆ చాచిన చేతిమీద దిండుమీద వలె ఆనును. మెడ ప్రక్కకు వ్రేలాడదు, వాంతి బయటికి కారిపోవును.

ఊపిరి లేనిచో

పిలిచినను పలుకక, ఊపిరి లేక, లేదా చేప వలె అప్పుడప్పుడు మాత్రము నోరు తెరచుచున్నచో, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి గట్టిగా నొక్కవలెను. రెండు అంగుళముల లోతున, నిమిషమునకు 100 నుండి 120 సారులు. నేర్చినవారు 30 నొక్కులకు రెండు ఊపిరులు నోటిద్వారా ఇత్తురు. నేర్వనివారు నొక్కుట మాత్రమే చేసినను మేలు. నీటిలోనుండి తీసినవానికి ఊపిరి ఇచ్చుట మరింత ముఖ్యము. కనుక ఊరికి ఇద్దరైనను ఇది నేర్చియుండవలెను. ఈ సమయమున మెడను గూర్చి తటపటాయింపరాదు. మూడవవాడు ఉన్నచో తలను పట్టుకొనును.

చేయరానివి

పడినవానిని లేవదీసి కూర్చుండబెట్టరాదు. నోటిలో నీరు, సోడా, కల్లు పోయరాదు. చెంపలమీద కొట్టి తలను ఊపరాదు. తలక్రింద ఎత్తైన మూట పెట్టరాదు. గడ్డము రొమ్మునకు ఆని ఊపిరి త్రోవ ముడుచుకొనును. చిన్నపిల్లల తల పెద్దది కనుక, చదును నేలమీదనే మెడ ముందుకు వంగును. వారికి భుజములక్రింద తువ్వాలు మడచి పెట్టుట మంచిది. మెడ వంకరగా నిలిచి, సరిచేయబోవ నొప్పి హెచ్చుచున్నచో బలవంతము చేయక అట్లే ఉంచుడు. మెడచుట్టు కండువాను బిగించి కట్టరాదు. హెల్మెట్టు ఉన్నచో, ఊపిరికి అడ్డము కానంతవరకు తీయవద్దు. తీయక తప్పనిచో ఒకరు మెడను, దవడను క్రిందనుండి పట్టుకొని యుండగా మరొకరు నెమ్మదిగా తీయవలెను.

ఆటోలో మడచి కూర్చుండబెట్టి, తల వ్రేలాడుచుండగా కొనిపోవుట అన్నిటికంటె చెడ్డది. 108 బండి వచ్చునంతవరకు ఉన్నచోటనే ఉంచుట మేలు. మంట, నీరు, కరెంటు భయమున్నచో భుజముల క్రిందినుండి పట్టి, తలను మీ ముంజేతుల నడుమ ఆనించి, తిన్నగా వెనుకకు లాగుడు. బండి రాజాలని చోటైనచో నులకమంచము పనికిరాదు, అది నడుమ క్రుంగును. వెడల్పైన బల్లగాని, తలుపు రెక్కగాని తెచ్చి, దుంగవలె దొర్లించి దానిపైకి చేర్చుడు. త్రోవలో కూడ ఒకరు తలను పట్టుకొనియే యుండవలెను.

రోడ్డు ప్రమాదములో సాయపడినవానిని పోలీసులు, కోర్టులు వేధించునని భయపడువారు ఉన్నారు. సాయము చేసినవారిని కాపాడు నియమములకు సుప్రీంకోర్టు 2016లో బలము ఇచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలోను ఆ రక్షణ చేర్చబడినది.

ఆసుపత్రిలో మేము చేయునది

ఇది మీరు తెలిసికొనుట అవసరము. ఏలనన, అక్కడ బంధువులు భయపడి "వద్దు" అనుటతో విలువైన కాలము పోవుచున్నది. ఊపిరి చాలనివానికి మేము నోటిద్వారా ఊపిరిగొట్టములోనికి ఒక గొట్టము వేయుదుము. అప్పుడు మెడపట్టీ ముందుభాగమును విప్పుదుము, లేనిచో నోరు చాలినంత తెరచుకొనదు. అది చూచి "మెడపట్టీ తీసివేసినారు" అని కంగారు పడవద్దు. ఆ సమయమున ఒకరు తలను చేతులతో పట్టుకొనియే యుందురు. కొనయందు చిన్న కెమేరా ఉన్న సాధనముతో గొంతును తెరమీద చూచుచు గొట్టము వేయుదుము. అందుచేత తలను ఎక్కువ వంచవలసిన పని లేదు. 2024లో బ్రిటనులోని వైద్య సంఘములు కలసి ఇచ్చిన సలహాలోను దవడ ఎత్తుట, మెడపట్టీ ముందుభాగము విప్పుట, కెమేరా సాధనము వాడుట చెప్పబడినవి. జాగ్రత్తగా చేసిన ఈ పనిలో మెడ కదలిక స్వల్పము. ఊపిరి అందకపోవుటవలన కలుగు నష్టము దానికంటె ఎన్నో రెట్లు పెద్దది.

కొందరికి చాలదినములు యంత్రముతో ఊపిరి ఇవ్వవలసి వచ్చును. అప్పుడు మెడ ముందువైపు చిన్న రంధ్రము చేసి గొట్టము పెట్టుదుము. దానిని చూచి ఆశ వదలుకొనవద్దు. ఊపిరి బలపడిన పిమ్మట చాలమందికి దానిని తీసివేయుదుము, రంధ్రము పూడును.

ఇంకొక మాట. మొదటి గంటలో మాట్లాడినవాడు మరునాటికి అలసిపోవచ్చును. వెన్నుపాము వాచి దెబ్బ పైకి ప్రాకినట్లగును. కనుక "మాట్లాడుచున్నాడు గదా, ఇంటికి తీసికొనిపోదుము" అనరాదు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కింపగలడో మెల్లగా అడిగి చూడుడు. ఉదయము ఇరువదివరకు లెక్కించినవాడు సాయంత్రము పదివద్దనే ఆగినచో, వెంటనే వైద్యునికి చెప్పవలెను.

ఊపిరిని కనిపెట్టియుండుడనుట మన గడ్డమీద కూడ పాత పాఠమే. 1888, 1889 సంవత్సరములలో నైజాము ప్రభుత్వ ద్రవ్యముతో హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని పూనికమీద క్లోరోఫారము సంఘములు ప్రయోగములు చేసినవి. మత్తు ఇచ్చువాడు రోగి ఊపిరినే కనిపెట్టి యుండవలెనని అవి తేల్చినవి. క్లోరోఫారము గుండెను కూడ నేరుగా ఆపగలదని తరువాత తెలిసినది. అయినను ఊపిరిమీదనుండి కన్ను తీయరాదన్న పాఠము మాత్రము నిలిచినది.

చివరి మనవి

పడకుండ చూచుకొనుట అన్నిటికంటె మేలు. మోకు పాతబడినచో మార్చుడు. తెలంగాణలో 2024లో గీత పనివారికి రక్షణ పరికరములు పంచుట ఆరంభమైనది. అందినవారు వాటిని అటకమీద పెట్టక వాడుడు. ట్రాక్టరు నడుపువాని ప్రక్కన మడ్గార్డుమీద ఎవరిని కూర్చుండనీయకుడు. లోతు చూడని నీటిలోనికి పిల్లలను తల క్రిందుగా దూకనీయకుడు.

పనులు లేని ఒక సాయంత్రము మీ ఊరి రచ్చబండవద్ద పదిమంది చేరి, ఒకరిని పడుకోబెట్టి, తల పట్టుకొనుట, దుంగవలె దొర్లించుట నాలుగు సారులు చేసి చూడుడు. ఆడువారిని తప్పక పిలువుడు. పొలములో మొదట చేరునది తరచు వారే. ఒకసారి చేతితో చేసిన పని ఆపదలో జ్ఞాపకమునకు వచ్చును, విన్నమాట రాదు.

ఆ తండ్రి తన చేతితో కొడుకును ప్రక్కకు త్రిప్పబోయినాడు. ఆయన చేయి సరియైన త్రోవనే పోయినది. ఆపినది నా సగము మాట. ఈ రోజు పూర్తి మాట చెప్పితిని: ఊపిరిని తెరువుడు, మెడను నిలుపుడు, రెండును కలిపి చేయుడు. ఇది విన్నవారు విననివారికి చెప్పుడు. సగము మాత్రము చెప్పకుడు.

సెలవు.